అమ్మకు కేదార్‌నాథ్, బదరీనాథ్ చూపించాలి. మేలో వెళ్ళాలా, సెప్టెంబర్ దాకా ఆగాలా?

బ్రాడీపేట 4వ లైను:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. నాన్నగారు పోయిన ఆషాఢంలో కాలం చేశారు. రిటైరైన దగ్గర్నుంచీ బదరి చూడాలి, కేదారం చూడాలి అంటూనే ఉండేవారు. ఒక ఏడు చెల్లి పెళ్ళి, తర్వాత కరోనా, ఆ తర్వాత ఆయనకే ఒంట్లో బాగుండలేదు, అలా వాయిదాలు పడి చివరికి చూడకుండానే వెళ్ళిపోయారు. ఇప్పుడు అమ్మ ఒకటే మాట మీద ఉంది, బదరిలోని బ్రహ్మకపాలంలో ఆయన పేరున పిండప్రదానం చేయించాలి, కేదారేశ్వరుణ్ణి కళ్ళారా చూడాలి, ఆ తర్వాత ఇంకెక్కడికీ తీసుకెళ్ళమని అడగను అంటుంది.

అమ్మకు 64 ఏళ్ళు. బీపీకి మాత్రలు వాడుతుంది, షుగర్ ఈమధ్యే బయటపడింది, మోకాళ్ళు బాగా అరిగిపోయాయి. మంగళగిరి పానకాలస్వామి దగ్గరికి కూడా మెట్లు మానేసి ఘాట్ రోడ్డు మీద ఆటోలోనే తీసుకెళ్తున్నాం.

తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు. మేలో పిల్లలకు సెలవులు కాబట్టి అందరం కలిసి వెళ్ళిపోదాం, విజయవాడలో ట్రావెల్స్ వాళ్ళు యమునోత్రి, గంగోత్రి, కేదారం, బదరి నాలుగు ధామాలకూ ప్యాకేజీ ఇస్తున్నారు, డబ్బు కడితే అన్నీ వాళ్ళే చూసుకుంటారు అంటున్నాడు. పెద్దమ్మేమో ఏడాది తిరగకుండా కొండ ఎలా ఎక్కుతార్రా, తప్పు కదా అని కోప్పడుతుంది. అమ్మ మధ్యలో నలిగిపోతోంది. ఈ రెండు నెలల్లో ఏది మంచిది, నాలుగు ధామాలూ ఆమె తట్టుకోగలదా, హెలికాప్టర్ నమ్ముకోవచ్చా, ఇవి నా సందేహాలు. పెద్దవాళ్ళను తీసుకెళ్ళి వచ్చినవాళ్ళు చెబితే చాలా మేలు చేసినవాళ్ళవుతారు.


కృష్ణలంక కట్ట:

మే వద్దు అన్నా. మా అమ్మానాన్నలను తీసుకెళ్ళి వచ్చిన మనిషిగా చెబుతున్నాను.

గంగోత్రి, యమునోత్రి తలుపులు అక్షయ తృతీయకు తెరుస్తారు, కేదారం, బదరి కూడా కాస్త అటూ ఇటూగా అప్పుడే తెరుచుకుంటాయి. ఆరు నెలలు మూసి ఉన్న గుళ్ళు కదా, పైగా ఉత్తరాది మొత్తానికీ అవే వేసవి సెలవులు, దేశమంతా ఆ నాలుగైదు వారాల్లోనే అక్కడికి వచ్చి పడుతుంది. 2024 మేలో అయితే జనం తాకిడి తట్టుకోలేక హరిద్వార్, రిషీకేశ్‌లలో అక్కడికక్కడ చేసే రిజిస్ట్రేషన్లు కొన్నాళ్ళు ఆపేశారు. ఇక్కడి నుంచి రైలెక్కి వెళ్ళినవాళ్ళు రిషీకేశ్‌లో గంగ ఒడ్డున కూర్చుని వెనక్కి వచ్చేశారు. గుడి ముందు క్యూ ఒకటే కాదు, సోన్‌ప్రయాగ దగ్గర షటిల్ జీపుకి క్యూ, నడకదారి మొదలయ్యే గౌరీకుండ్‌లో గుర్రానికి క్యూ, పైన గదికి వెతుకులాట, మోకాళ్ళ నొప్పులున్న మనిషిని గంటల తరబడి చలిలో నిలబెట్టాల్సి వస్తుంది. జూలై, ఆగస్టు అసలే తలపెట్టకండి. 2024 జూలై 31 రాత్రి కుండపోత వాన పడి కేదారం నడకదారిలో లించోలి, భీమ్‌బలి దగ్గర దారి కొట్టుకుపోయింది, వేలమందిని హెలికాప్టర్లలో, కొండల మీదుగా నడిపించి కిందికి తెచ్చారు. సెప్టెంబర్ రెండో సగం నుంచి వానలు తగ్గుతాయి, ఆకాశం తేటగా ఉంటుంది, మంచుకొండలు గుడి వెనక స్పష్టంగా కనిపిస్తాయి. చలి మాత్రం గట్టిగా ఉంటుంది, దానికి సిద్ధపడి వెళ్ళాలి.

నాలుగు ధామాల సంగతి. అమ్మగారు అడిగింది రెండే కదా, రెండే చూపించండి. యమునోత్రికి జానకీచట్టి నుంచి ఐదారు కిలోమీటర్ల నిటారు ఎక్కుడు ఉంది, అది కూడా డోలీయో గుర్రమో ఎక్కక తప్పదు. ప్యాకేజీ వాళ్ళు ఆ నాలుగింటినీ లెక్కగట్టిన రోజుల్లో ముగించాలి కాబట్టి తెల్లవారుజామున నాలుగింటికి లేపి బస్సెక్కిస్తారు, రాత్రికి ఏ పూటకూళ్ళ ఊళ్ళోనో దింపుతారు. మా పక్కింటివాళ్ళు అలా ఒక ప్యాకేజీలో వెళితే రోడ్డు మూసుకుపోయి ఒక రోజు పోయింది, ఆ పోయిన రోజు ఎక్కడ తగ్గించాలా అని చూసి బదరిలో ఉండాల్సిన రాత్రిని తీసేశారు. పిండప్రదానం హడావిడిగా ముగించుకుని బస్సు వెనక పరుగెత్తారు. మీరు వెళ్ళేదే ఆ పనికి. కాబట్టి రిషీకేశ్‌లో సొంతంగా ఒక కారు మాట్లాడుకోండి, కొండ రోడ్లు తెలిసిన అక్కడి డ్రైవర్ ఉండాలి, ఢిల్లీ నుంచి వచ్చే బండి వద్దు.

దారి ఇలా ఉంటుంది. రిషీకేశ్ నుంచి దేవప్రయాగ, అక్కడ భాగీరథి, అలకనంద కలిసి గంగ అవుతాయి, దిగి చూడండి, అమ్మగారికి తప్పకుండా చూపించండి. తర్వాత శ్రీనగర్, రుద్రప్రయాగ. రుద్రప్రయాగ దగ్గర దారి చీలుతుంది, మందాకిని వెంట వెళితే కేదారం, అలకనంద వెంట వెళితే బదరి. కేదారం అయ్యాక మళ్ళీ రుద్రప్రయాగ దాకా దిగక్కర్లేదు, ఊఖీమఠ్, చోప్తా మీదుగా చమోలీ వెళ్ళే అడ్డదారి ఉంది, ఆ అడవిదారి అందం వేరు. రాత్రిపూట ఆ కొండల్లో బండ్లు నడపనివ్వరు, అందుకని ఏ రోజూ ఎక్కువ దూరం పెట్టుకోకండి. మధ్యలో ఒకటి రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవడం తప్పనిసరి, అక్కడ కొండచరియ పడితే ఎవరేం చేయలేరు.

రిజిస్ట్రేషన్ ఉత్తరాఖండ్ ప్రభుత్వ సైట్‌లో ఉచితమే, దానికి ఎవరికీ పైసా ఇవ్వకండి. హెలికాప్టర్ టికెట్లు ఐఆర్‌సీటీసీ వాళ్ళ హెలీయాత్ర సైట్‌లో మాత్రమే అమ్ముతారు, రిజిస్ట్రేషన్ నంబర్ లేనిదే ఇవ్వరు. వాట్సాప్‌లో మేం ఇప్పిస్తాం అని వచ్చేవాళ్ళంతా మోసగాళ్ళే అనుకోండి, దొంగ సైట్లకు డబ్బు కట్టి మోసపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు.


అమరావతి రోడ్డు మాస్టారు:

నాయనా, మీ పెద్దమ్మగారు చెప్పింది పాత చాదస్తమని కొట్టిపారేయకండి. కర్మ చేసిన కొడుకుకు ఏటిసూతకం ఉంటుంది. సంవత్సరీకం అయ్యేదాకా తీర్థయాత్రలు, కొండ గుళ్ళు వద్దని మనవైపు చాలా కుటుంబాల్లో పాటిస్తారు. మాసికాలు జరుగుతుండగా బ్రహ్మకపాలం వెళ్ళడం కూడా సబబుగా ఉండదు, ముందు ఇంటి దగ్గర మొదటి ఆబ్దికం పూర్తి కావాలి. ఒక్కో ఇంటి ఆచారం ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి మీ ఇంటి పురోహితుణ్ణి ఒక్క మాట అడగండి. నాన్నగారు ఆషాఢంలో పోయారంటున్నారు. ఆషాఢంలో సంవత్సరీకం అయిపోతుంది, తర్వాత భాద్రపద బహుళ పక్షం మహాలయం, పితృదేవతల రోజులు. మీ కోసమే కుదిరినట్టు ఉంది. పెద్దమ్మగారి మాటా నిలబడుతుంది, వాతావరణమూ కలిసొస్తుంది. ఒక్కటే చూసుకోండి, మహాలయ పక్షాల్లో బ్రహ్మకపాలం దగ్గర రద్దీ ఎక్కువ. అది వద్దనుకుంటే పక్షం దాటాక, దీపావళి లోపు వెళ్ళవచ్చు. కేదారం తలుపులు భగినీ హస్త భోజనం రోజున, అంటే కార్తీక శుద్ధ విదియనాడు మూసేస్తారు. బదరి ఇంకొన్నాళ్ళు తెరిచే ఉంటుంది, మూసే తేదీ విజయదశమినాడు ప్రకటిస్తారు.

బ్రహ్మకపాలం బదరీనారాయణుడి గుడికి ఉత్తరాన, అలకనంద ఒడ్డున ఉంటుంది, గుడి నుంచి నడిచే దూరమే. శివుడు బ్రహ్మ ఐదో తల తెంచినప్పుడు ఆ కపాలం చేతికి అంటుకుపోయి, ఎన్ని తీర్థాలు తిరిగినా ఊడక, చివరికి ఇక్కడ రాలిపడిందని పురాణం. ముందు గుడి దగ్గరి వేడినీటి గుండం తప్తకుండంలో స్నానం, స్వామి దర్శనం, ఆ తర్వాత వండిన అన్నంతో పిండాలు. నాన్నగారి గోత్రం, తాతముత్తాతల పేర్లు మూడు తరాలవి, అమ్మ వైపువి కూడా కాగితం మీద రాసుకుని వెళ్ళండి, అక్కడ కూర్చున్నాక ఇంటికి ఫోన్ చేసి అడుగుతుంటే మనసు చెదిరిపోతుంది. బ్రహ్మకపాలంలో పెట్టాక ఇక ఏటా తద్దినం అక్కర్లేదని కొందరంటారు, అక్కర్లేకపోవడం పిండానికే, తద్దినం మానకూడదని మరికొందరంటారు. దీన్నీ మీ పురోహితుడితోనే తేల్చుకోండి, అక్కడ ఎవరో చెప్పినదాన్ని పట్టుకుని నిర్ణయం తీసుకోకండి. బదరి పండాలు, అంటే అక్కడి తీర్థ పురోహితులు, దేవప్రయాగ వాళ్ళు, తరతరాలుగా ఈ పనిలోనే ఉన్నారు. దక్షిణ ముందే మాట్లాడుకోండి, అందులో మొహమాటం అక్కర్లేదు.

ఇంకో మాట, మీ అమ్మగారికి చెప్పండి, సంతోషిస్తారు. బదరిలో గుడికి రెండువైపులా ఉన్న కొండలు నర, నారాయణ పర్వతాలు. ఆ నరుడే అర్జునుడిగా పుట్టాడంటారు. ఆ అర్జునుడే మన ఇంద్రకీలాద్రి మీద తపస్సు చేసి శివుణ్ణి మెప్పించి పాశుపతం పొందాడని మనం చెప్పుకుంటాం. దుర్గమ్మ కొండ ఎక్కే మనకు బదరి పరాయి చోటేం కాదు. అమరావతిలో అమరేశ్వరుణ్ణి కొలిచేవాళ్ళం కదా, తారకాసురుడి మెడలోని లింగం ఐదు చోట్ల పడి పంచారామాలైనట్టే, పాండవులకు దొరక్కుండా వృషభ రూపంలో భూమిలోకి పోతున్న శివుడు ఐదు చోట్ల తేలి పంచకేదారాలయ్యాడు. కేదారంలో కనిపించేది ఆ వృషభం మూపురం, అందుకే లింగం మనం చూసే ఆకారంలో ఉండదు, ముక్కోణపు రాయిలా ఉంటుంది. అక్కడి రావల్‌లు, అంటే ప్రధాన పూజారులు, కర్ణాటక వీరశైవులు, బదరిలో రావల్ కేరళ నంబూద్రి. హిమాలయాల్లో ఉన్నా దక్షిణాది చేతుల మీదుగానే పూజ అందుకుంటున్న దేవుళ్ళు వాళ్ళు.

క్రమం మాత్రం కేదారం ముందు, బదరి తర్వాత. అది తప్పకండి.


అరండల్‌పేట డాక్టర్:

నేను జనరల్ ఫిజీషియన్‌ని. ప్రతి ఏడూ ఈ యాత్రకు ముందు వచ్చేవాళ్ళనీ, తిరిగొచ్చాక వచ్చేవాళ్ళనీ చూస్తుంటాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

కేదార్‌నాథ్ ఎత్తు 3,583 మీటర్లు, అంటే పదకొండున్నర వేల అడుగుల పైనే. బదరీనాథ్ పదివేల అడుగుల పైన. కేదారం ఎత్తులో ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ మన గుంటూరులో అందేదాంట్లో దాదాపు మూడింట రెండు వంతులే. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళకు కూడా తలనొప్పి, వాంతులు వస్తాయి. ఇక్కడ వయసుకన్నా ముఖ్యం ఎంత తొందరగా పైకి వెళ్ళారన్నది. హెలికాప్టర్ గురించి అందరూ సుఖం అనుకుంటారు, మోకాళ్ళకు సుఖమే, ఊపిరితిత్తులకు కాదు. కింద హెలిప్యాడ్లున్న ఫాటా నుంచో సిర్సీ నుంచో పది నిమిషాల్లోపు ఆ ఎత్తులో దింపేస్తుంది, ఒంటికి అలవాటు పడే సమయమే ఉండదు. హెలికాప్టర్‌లో వెళితే దర్శనం చేసుకుని ఆ రోజే దిగిపోవడం మంచిది, రాత్రి ఉండొద్దు.

వెళ్ళే ముందు ఈసీజీ, ఎకో, రక్తంలో హిమోగ్లోబిన్, షుగర్, కిడ్నీ పరీక్షలు చేయించండి. ఎకోలో తేడా ఉంటే కేదారం ఆలోచన అక్కడితో ఆపేయాలి, దానికి మొహమాటపడొద్దు. బీపీ మాత్రలు ప్రయాణంలో ఒక్క పూట కూడా మానకూడదు. షుగర్ మాత్ర వేసుకుని ఉపవాసంతో దర్శనానికి వెళ్ళే అలవాటు మన ఆడవాళ్ళకు ఎక్కువ, అది అక్కడ ప్రమాదం, సగం దారిలో షుగర్ పడిపోతుంది. జేబులో బెల్లం ముక్కో గ్లూకోజ్ బిస్కెట్లో ఉండాలి. చలికి గ్లూకోమీటర్ తప్పు రీడింగ్ చూపిస్తుంది, దాన్ని స్వెటర్ లోపల పెట్టుకుని వెచ్చగా ఉంచండి. ఎత్తు జబ్బు రాకుండా ఎసిటజోలమైడ్ అనే మాత్ర ఉంది, కానీ సల్ఫా మందులు పడనివాళ్ళకు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకు ఇవ్వరు, మీ డాక్టర్ రాస్తేనే వాడండి. పైకి వెళ్ళాక తలనొప్పి, వికారం ఉంటే ఇంకా పైకి పోకుండా అక్కడే ఆగాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, అడుగులు తడబడినా, మాట తికమకగా ఉన్నా వెంటనే కిందికి దించడమే వైద్యం. దర్శనం కాలేదు కదా ఇంకో గంట ఆగుదాం అనుకున్నవాళ్ళే ప్రాణం మీదికి తెచ్చుకుంటారు.

తప్తకుండం నీళ్ళు బాగా వేడి. బీపీ మాత్రలు వాడేవాళ్ళు అందులో మునిగి ఎక్కువసేపు కూర్చుని ఒక్కసారిగా చలిగాలిలోకి లేస్తే కళ్ళు తిరిగి పడతారు. ఒడ్డున కూర్చుని చెంబుతో పోసుకోమనండి.

మాస్టారుగారితో ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరు. ఒంటికి మంచిది ముందు బదరి. అక్కడికి కారు గుడి దగ్గరదాకా వెళుతుంది, దారిలో జోషీమఠ్‌లో ఒక రాత్రి ఆగి వెళ్ళొచ్చు, ఆ ఎత్తుకు అలవాటు పడ్డాక కేదారం వెళితే ఇబ్బంది తక్కువ.


అమరావతి రోడ్డు మాస్టారు:

డాక్టరుగారి మాట కాదనలేను. అయితే క్రమం మార్చకుండానే దానికి దారి ఉంది. కేదారం దారిలోని గుప్తకాశీలో రెండు రాత్రులు ఆగండి. అక్కడ విశ్వనాథుడి గుడి, మణికర్ణికా కుండం చూసుకుని, మధ్య రోజున త్రియుగీనారాయణ్ వెళ్ళి రండి. శివపార్వతుల కల్యాణం జరిగిన చోటు, ఆనాటి హోమాగ్ని ఇప్పటికీ ఆరలేదంటారు, కారు గుడి దగ్గరకే వెళుతుంది. ఆరున్నర వేల అడుగుల ఎత్తులో ఉంటుంది. ఒళ్ళు ఎత్తుకు అలవాటు పడటానికి ఇది సరిపోతుందా డాక్టరుగారూ?


అరండల్‌పేట డాక్టర్:

పూర్తిగా సరిపోతుందని అననుగానీ, హరిద్వార్ నుంచి నేరుగా కేదారం ఎక్కడం కన్నా ఎంతో నయం. రెండు రాత్రులు తప్పనిసరిగా ఉంటానంటే ఒప్పుకుంటాను.


బ్రాడీపేట 4వ లైను:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మాస్టారుగారు రాసింది అమ్మకూ పెద్దమ్మకూ చదివి వినిపించాను, ఇంద్రకీలాద్రి సంగతి రెండుసార్లు చదివించుకున్నారు. ఆషాఢం తర్వాతే అని తమ్ముడు కూడా ఒప్పుకున్నాడు, పిల్లల్ని వదిలి తనూ నేనూ అమ్మా వెళతాం. మా పురోహితుడు కూడా సంవత్సరీకం అయ్యాకే అన్నారు.

ఇంకో సందేహం. హెలికాప్టర్ దొరక్కపోతే గుర్రమా, డోలీయా? ఆడవాళ్ళకు దారిలో సౌకర్యాలు ఎలా ఉంటాయి? అమ్మ ఈ విషయం నాతో మాట్లాడటానికి మొహమాటపడుతుంది కానీ భయపడుతోందని తెలుస్తోంది.


పటమట అక్క:

తమ్ముడూ, గుర్రం వద్దు, డోలీ మాట్లాడు. గౌరీకుండ్ నుంచి గుడికి 16 కిలోమీటర్లు. 2013 జూన్ వరదకు ముందు రాంబాడా మీదుగా 14 ఉండేది, ఆ ఊరే కొట్టుకుపోయాక మందాకినికి అవతల ఒడ్డున కొత్త దారి వేశారు, ఎక్కుడు ఎక్కువైంది. గుర్రం మీద అంతసేపు కూర్చుంటే తొడలు, నడుము పట్టేస్తాయి, దిగేటప్పుడు ముందుకు జారిపోతున్నట్టు ఉంటుంది, మోకాళ్ళతో గట్టిగా పట్టుకోవాలి, మీ అమ్మగారి వల్ల కాదు. పైగా ఆ మూగజీవాలను రోజుకు ఎన్నిసార్లు తిప్పుతారో కళ్ళారా చూశాక నాకు ఎక్కబుద్ధి కాలేదు. డోలీని నలుగురు మోస్తారు, ఖర్చు ఎక్కువే, బరువును బట్టి రేటు ఉంటుంది, కౌంటర్‌లో రసీదు తీసుకుని మాట్లాడుకోవాలి. ఒక మనిషి వీపు మీద బుట్టలో మోసే కండీ కూడా ఉంటుంది, అది సన్నగా ఉన్నవాళ్ళకే. డోలీ వాళ్ళు వేగంగా వెళ్ళిపోతారు, మీరు వెనక నడుస్తూ ఉంటే అమ్మగారు ఒంటరిగా ముందుకు వెళ్ళిపోతారు. మీ ఇద్దరిలో ఒకరు గుర్రం తీసుకుని అయినా డోలీతో సమానంగా వెళ్ళాలి. లేదంటే భాష రాని చోట ఆమె ఎంత కంగారుపడతారో ఆలోచించు. మీ ఫోన్ నంబరు, బస చేసే చోటు హిందీలో రాసి ఆమె స్వెటర్ జేబులో పెట్టు.

బాత్రూముల సంగతి, జంగిల్‌చట్టి, భీమ్‌బలి, లించోలి దగ్గర ఉంటాయి, శుభ్రంగా ఉంటాయని మాట ఇవ్వలేను. అందుకని ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు. అలా మానేస్తే ఎత్తులో తలనొప్పి ఇంకా ఎక్కువవుతుంది, డాక్టరుగారు కూడా ఇదే చెబుతారు. చీర వద్దు, లోపల థర్మల్స్, పైన చుడీదార్, స్వెటర్, దానిమీద వానకు తడవని జాకెట్టు, ఉన్ని సాక్సులు, చేతులకు గ్లౌజులు. అమ్మగారు జీవితంలో ఎప్పుడూ చుడీదార్ వేసుకుని ఉండరు, ఇప్పుడే కుట్టించి ఇంట్లో అలవాటు చేయండి. గుడి దగ్గర పైన చీర కట్టుకోవాలనిపిస్తే కట్టుకోవచ్చు, లోపల థర్మల్స్ ఉంటే చాలు. రెయిన్‌కోటు పొద్దున ఎండ చూసి గదిలో వదిలేయొద్దు, అక్కడ మధ్యాహ్నానికే వాన దిగుతుంది.

తిండికి ఇబ్బంది ఏం లేదు, రొట్టె, పప్పు, అన్నం, ఆలూ కూర ప్రతిచోటా దొరుకుతాయి. మనకు కారం తగ్గినట్టుంటుంది. కందిపొడి, కారప్పొడి, చింతకాయ పచ్చడి కొద్దిగా తీసుకెళ్ళండి, వేడన్నంలో కలిపి పెడితే అమ్మగారు రెండు ముద్దలు ఎక్కువ తింటారు. రిషీకేశ్‌లో టీటీడీ వాళ్ళ ఆంధ్రా ఆశ్రమం, వేంకటేశ్వరస్వామి గుడి ఉన్నాయి, కొండలెక్కే ముందు అక్కడ ఆగితే మనవాళ్ళు కనిపిస్తారు, ధైర్యంగా ఉంటుంది.


గవర్నర్‌పేట:

ఒక్క మాట చెప్పనివ్వండి. అందరూ డోలీ, హెలికాప్టర్ అంటున్నారు. కేదారం నడిచి వెళ్ళాల్సిన చోటు. మా మేనత్త 66 ఏళ్ళ వయసులో నడిచే ఎక్కింది, ముందు ఆరు నెలలు రోజూ దుర్గమ్మ గుడి మెట్లు, నెలకోసారి కోటప్పకొండ మెట్లు ఎక్కి సాధన చేసింది. మీ అమ్మగారు కూడా ఇప్పటినుంచే మొదలుపెడితే ఎందుకు ఎక్కలేరు? రోప్‌వే వస్తోందని కూడా ఆగుతున్నారు కొందరు. 2025 మార్చిలో కేంద్రం సోన్‌ప్రయాగ నుంచి 12.9 కిలోమీటర్ల రోప్‌వేకి ఆమోదం తెలిపిన మాట నిజమేగానీ, కట్టడానికి ఏళ్ళు పడుతుంది, దానికోసం కూర్చోవద్దు.


అరండల్‌పేట డాక్టర్:

మీ మేనత్తగారికి నా నమస్కారాలు. కానీ అరిగిన మోకాళ్ళతో ఆరు నెలలు మెట్లు ఎక్కిస్తే, యాత్రకు ముందే ఈవిడ మంచాన పడతారు. ఈవిడకు కావలసింది చదును నేల మీద నడక. గుంటూరులో ఎన్టీఆర్ స్టేడియం చుట్టూ పొద్దున్నే నడిపించండి, మెల్లగా సమయం పెంచండి, కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపి తొడ కండరాలకు బలం వచ్చే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు చెబుతారు. డోలీ ఎక్కినా గుడి దగ్గర, గదుల దగ్గర కొంత నడక తప్పదు, దానికి సరిపోతే చాలు. డోలీలో వెళ్ళినా ఆ ఎత్తు ఆ ఎత్తే, ఆక్సిజన్ తక్కువే. కాబట్టి జాగ్రత్తలన్నీ డోలీకీ వర్తిస్తాయి.


కృష్ణలంక కట్ట:

హెలికాప్టర్ మీద నాదొక్క మాట. 2025 జూన్ 15న గౌరీకుండ్ దగ్గర హెలికాప్టర్ కూలి ఏడుగురు పోయారు. భయపెట్టడానికి చెప్పడం లేదు, మబ్బు పట్టినప్పుడు ఎగరకపోవడమే మంచిదని చెప్పడానికే. టికెట్ దొరికినా వాతావరణం బాగోలేదని ఆపేస్తే వాళ్ళతో గొడవ పడకండి. ఆ రోజు డోలీకి మారడమో, మర్నాటికి ఆగడమో చేయాలి, మీ దగ్గర ఖాళీ రోజు ఉండాలని అందుకే అన్నాను.

అసలు పైకి పోనివ్వకపోతే? అది కూడా అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి అన్నా. ఊఖీమఠ్‌లో ఓంకారేశ్వరుడి గుడి ఉంది. చలికాలం ఆరు నెలలూ కేదారనాథుడి ఉత్సవమూర్తిని తెచ్చి పూజలు చేసేది అక్కడే, కేదారం తలుపులు తెరిచే రోజును శివరాత్రినాడు ప్రకటించేదీ అక్కడే. మీరు బదరికి వెళ్ళే దారిలోనే వస్తుంది, కారు దిగి నాలుగడుగులు వేస్తే గుడి. కేదారం చూసినా చూడకపోయినా అక్కడ ఆగండి.


బ్రాడీపేట 4వ లైను:

ఊఖీమఠ్ సంగతి అమ్మకు చెబితే ముఖం తేటపడింది, పైకి వెళ్ళలేకపోతే ఎలా అన్న బెంగే ఆమెకు ఎక్కువగా ఉన్నట్టుంది. ఎకో వచ్చే సోమవారం చేయిస్తున్నాం. రిపోర్టు బాగుంటే మహాలయ పక్షం దాటాక, దసరా అయిన వారంలో బయల్దేరేలా అనుకుంటున్నాం. గుప్తకాశీలో రెండు రాత్రులు, కేదారం, ఊఖీమఠ్, జోషీమఠ్‌లో ఒక రాత్రి, బదరిలో రెండు రాత్రులు. విమానంలో వెళ్దామని తమ్ముడు, రైలు చాలని అమ్మ.


పటమట అక్క:

వెళ్ళేటప్పుడు గన్నవరం నుంచి ఢిల్లీకి విమానంలో వెళ్ళండి, అమ్మగారి ఓపిక కొండలకు దాచిపెట్టాలి. వచ్చేటప్పుడు రైలైనా పర్వాలేదు, ఏపీ ఎక్స్‌ప్రెస్, కేరళ ఎక్స్‌ప్రెస్ రెండూ విజయవాడ మీదుగానే వస్తాయి. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, దసరా, దీపావళి రోజులు కాబట్టి మొదటి రోజు పొద్దున 8 గంటలకే కూర్చుని చేయాలి. అమ్మగారికి కింది బెర్తు పడేలా చూడు.